‘రండి’ అంటేనే వచ్చే కుక్క

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో "తలుపు వేయుము" అని ఎర్ర పెయింటుతో రాయించారు. రోజూ ఆ మాట పడుతూ నాలుగో అంతస్తుకి చేరుతున్నాను. "వేయండి" అని రాయిస్తే పెయింటేమీ ఎక్కువ కాదు కదా అని సెక్రటరీగారితో అన్నాను. "తలుపు పడుతోందా లేదా?" అన్నాడాయన. పడుతోంది. అదే నా బాధ.

మర్యాద లేనిదే అంగుళం కదలని ప్రాణి ఒకటి మా ఇంట్లో ఉండేది.

డెబ్బైలలో మేం వన్ టౌన్‌లో, మిర్చి గోడౌన్ల వెనక సందులో ఉండేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ముందు తుమ్మి, తర్వాత పలకరించేవాళ్లు. నాన్న లారీ ఆఫీసులో గుమాస్తా. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. కుక్కని తెచ్చింది నాన్నే. దానికో ఇంగ్లీషు పేరు కూడా పెట్టాడు. ఆ పేరు తనదని అది చివరిదాకా ఒప్పుకోలేదు.

రాత్రిపూట నాన్న అరుగు మీద పేపరు చదువుతుంటే వంటింట్లోంచి అమ్మ కేకేసేది: "రండీ, అన్నం చల్లారిపోతోంది!" మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే అలవాటు ఆ రోజుల్లో గుడికెళ్లేవాళ్లకీ లేదు, మాలా చర్చికెళ్లేవాళ్లకీ లేదు. ఆ కేకకి మొదట లేచేది కుక్క. గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి, నాన్న లేచాడని చూసుకున్నాకే లోపలికి నడిచేది. ఆయన కంచంలో చివరి ముద్ద దానిది. అందువల్ల అన్నానికి పిలిచే మాట లోకంలో ‘రండి’ ఒక్కటేనని దాని చదువు. ‘రా’ అంటే మరెవరినో అనుకుని ఊరుకునేది. "టీచరమ్మగారి కుక్కని ‘నువ్వు’ అనకూడదంట్రోయ్" అని గోడౌన్లో బస్తాలు మోసే ముఠావాళ్లు నవ్వేవాళ్లు.

తర్వాత నాన్నని నాగపూర్ బ్రాంచికి వేశారు. క్రిస్మస్‌కి వస్తానన్నాడు. ఏ క్రిస్మస్సో చెప్పలేదు.

ఇక మా ఇంట్లో ‘రండి’తో పనిలేకపోయింది. నాకు "ఒరేయ్, తిని తగలడు" సరిపోయేది. కుక్క గిన్నె అమ్మే తెచ్చి అరుగు మీద పెట్టేది. నాన్న సంగతి ఎవరైనా అడిగితే "పనులు" అనేది. ఏం పనులో మాకూ తెలీదు. కుక్క మాత్రం ఆయన కూర్చునే చోట పడుకుని, సందు మొదట్లో ఆగిన ప్రతి లారీకీ చెవులు నిక్కించేది. "పిచ్చిమొహమా" అనేది అమ్మ. అంటూనే తనూ అటు చూసేది.

ఓ సాయంత్రం అమ్మ స్కూలు నుంచి వచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది.

"ఇందాక బస్తాలు దించిన లారీ ఎక్కేసిందండీ," అన్నాడు ముఠామేస్త్రి. "ఖాళీ గోతాల మీద జమీందారులా కూర్చుంది. హనుమాన్ జంక్షన్ బండి. దిగు దిగు అని ఎంత మొత్తుకున్నా దిగదే!"

"దిగండి అనకపోయావా?" అన్నాను.

అమ్మ నావైపు చూసింది. నేను చెప్పులేసుకున్నాను.

బస్సెక్కాం. గన్నవరం దాటాక అమ్మ, "ఆయనొచ్చి కుక్కేదీ అంటే నేనేం చెప్పనురా?" అంది. వస్తే కదా, అన్న మాట నా నోటిదాకా వచ్చింది. డిగ్రీ చదువుతున్నా, అప్పుడప్పుడు నోరు మూసుకోవడం తెలిసేది.

జంక్షన్‌లో దిగేసరికి మసక పడుతోంది. రోడ్డుకి రెండు పక్కలా లారీలే. నేను దాని ఇంగ్లీషు పేరుతో పిలిచాను. ఈల వేశాను. "రా, రా" అన్నాను. ఇద్దరు క్లీనర్లు వచ్చారు. కుక్క రాలేదు.

టీకొట్టు ముసలమ్మ వేలు చూపించింది. "అదుగో, ఆ బండి కింద దూరిందో కుక్క. నేనూ పిలిచా. బిస్కెట్టేసినా రాలా. ఏం పొగరో!"

"మనదే," అంది అమ్మ.

"అయితే నువ్వే పిలవాలి," అన్నాను. "నీ ‘రండి’కే వస్తుంది."

"ఇంతమంది మగాళ్ల మధ్యా?"

అని, అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "రండి," అంది. పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. ఏదో లారీ హారన్ కొట్టింది. అది ఆగాక అమ్మ గొంతెత్తింది. ఆ గొంతు విని చాన్నాళ్లయింది.

"రండీ! అన్నం చల్లారిపోతోంది, రండీ!"

టీ తాగుతున్న డ్రైవర్లంతా తలలు తిప్పారు. ఒకాయన గ్లాసు కింద పెట్టి సగం లేచాడు కూడా. పెళ్లయినవాడై ఉంటాడు.

లారీ కిందనుంచి కుక్క వచ్చింది. వీపంతా గ్రీజు. తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, మధ్యలో ఆగి, అలవాటు చొప్పున వెనక్కి తిరిగి చూసింది. అక్కడ లారీ ఉంది, లారీ వెనక రోడ్డు ఉంది. అది చూస్తూనే నిలబడింది. అమ్మ కూడా అటే చూసింది. నేనూ చూశాననుకోండి, వాళ్లకి తోడుగా.

కాసేపటికి అమ్మే వెళ్లి, వంగి, గ్రీజుతో సహా దాన్ని దగ్గరికి తీసుకుంది. ఒంటి మీదున్నది స్కూలు చీరన్న సంగతి ఆమెకి గుర్తులేదు.

టీకొట్టు ముసలమ్మ గరిట చేత్తో పట్టుకుని అంతా చూసింది.

"కుక్కొచ్చింది, బానే ఉంది," అంది. "మరి నువ్వు పిలిచిన ఆ మడిసేడమ్మా?"