ప్రార్థించి తెచ్చుకున్న నీళ్ళు

ఆ ఆదివారం ఆరాధనలో మోకరించాను. ఆమెన్ అన్నాక అందరూ లేచారు, నేను లేవలేకపోయాను. నడుము కొయ్యబారిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు నామీద పరిశుద్ధాత్మ దిగిందనుకుని "స్తోత్రం, స్తోత్రం" అంటూ ఇంకా గట్టిగా ప్రార్థన అందుకున్నారు. "అయ్యో, లేపండే నన్ను!" అని ఏడిస్తే అదీ ఆత్మే అనుకున్నారు. చివరికి మా ఆయన వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు.

మాది తమిళనాడులో ధర్మపురి దగ్గర, వెల్లిచందై దారిలో చిన్న ఊరు. కూలి బతుకు. కలుపు తీసీ తీసీ పట్టేసిందిలే అనుకున్నాను. మా ఆయన హొగేనక్కల్ జలపాతం దగ్గరికి తీసుకెళ్ళి నూనె రుద్దించాడు. రుద్దేవాడు నడుం మీద చేతులు వేసి నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. ధర్మపురి ఆస్పత్రిలో వాతమని మాత్రలిచ్చారు. వేసుకున్న పూటే కాస్త నయం. శుక్రవారాలు సంఘమంతా నాకోసం ఉపవాసముంది. పాస్టరయ్య తలకు నూనె రాసి ప్రార్థించాడు. ఏడాది తిరిగేసరికి మెడ కూడా తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూడాలి.

చివరికి సేలంలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"స్కెలిటల్ ఫ్లోరోసిస్. స్పైన్ అంతా బిగుసుకుపోయింది. తాగేది ఏ నీళ్ళు?" అని అరవంలో అడిగాడు.

"బోరు నీళ్ళు సార్."

"వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. అదే ఎముకల్లో చేరింది." తర్వాత నా కొంగు పట్టుకుని నిలబడిన మా పాపను నోరు తెరవమన్నాడు. పళ్ళమీద గోధుమరంగు చారలు చూసి, "ఈ పాపకీ మొదలైంది" అన్నాడు.

మందేమిటని అడిగాను. "మందు లేదమ్మా. నీళ్ళు మార్చండి. పాపకైనా మార్చండి."

ఆ బోరు సంగతి మీకు చెప్పాలి. నేను కాపురానికొచ్చిన ఏడు కరువు. బోరు బండి వచ్చి ఎంత తవ్వినా దుమ్మే లేచింది. మా సంఘమంతా ఎండలో ఆ గుంత చుట్టూ మోకరించి, పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా ప్రార్థించాం. నీళ్ళు పడ్డాయి. అప్పటినుంచి ఏటా ఆ రోజున మొదటి బిందె మందిరానికి తీసుకెళ్ళి, స్తోత్రం చెప్పి, తలా ఒక గుక్క తాగుతాం. చంటిపిల్లలకూ చుక్క పోస్తాం.

ఇంటికొచ్చి చెబితే మా అత్త మండిపడింది.

"దేవుడిచ్చిన నీళ్ళని విషమంటావా? నోరెట్లా వచ్చిందే నీకు?"

"డాక్టరు చెప్పినాడత్తా. నేను పోతే పోనీ, పాపకి పోయొద్దు ఆ నీళ్ళు."

"ఊరంతా తాగలేదా? అది పళ్ళు సరిగా తోమదు, అంతే."

మా ఆయన సైకిలుకు బిందెలు కట్టుకుని దూరపు బావికి పోయాడు. రోజూ పోయాడు. ఎండాకాలం బావి ఎండింది. పాప మళ్ళీ బోరు నీళ్ళే తాగింది. దాహమేసిన పిల్లకు వద్దని ఎట్లా చెప్పేది? గోడకానుకుని దేవుడిమీద నోటికొచ్చినట్టు అరిచాను.

పాస్టరయ్య వస్తే ఆయన్నీ వదల్లేదు. "ఆ పొద్దు నీళ్ళడిగితే ఇచ్చినాడే, ఈ పొద్దు బిడ్డకోసం అడిగితే ఎందుకయ్యా పలకడు?"

ఆయన నా పక్కన నేలమీద కూర్చున్నాడు. "నాకు తెలీదమ్మా. గెత్సేమనే తోటలో సొంత కొడుకు యేసే, సిలువ తప్పించమని తండ్రినడిగినాడు. ఆయనకీ కాదనే అయింది. ఇంతకంటే నాకాడ మాట లేదు."

అది ఓదార్పు కాదు. అయినా కాదనిపించుకున్నది నేనొక్కదాన్నే కాదని తెలిసింది. దాన్ని బలమంటారో లేదో నాకు తెలియదు. పొద్దున లేచి పొయ్యి రాజేసేంత ఉంది.

ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తాను. నాకోసం అడగడం మానేశాను. పాపకోసం ఇంకా అడుగుతున్నాను, జవాబు లేదు. ఆ దేవుడితో కాక ఇంకెవరితో కొట్లాడేది? వానలప్పుడు మొదటి జల్లు వదిలేసి, చూరు నీళ్ళు పట్టి పాపకు దాచిపెడతాం. అవి ఎండాకాలం దాకా రావు. ఈమధ్య పాప పొద్దున్నే మోకాళ్ళు నొప్పి అంటోంది.

చదివేవాళ్ళకు ఒక్క మాట. నీళ్ళు కాచితే ఇది పోదు, మేం కాచి చూశాం. బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. మీ పిల్లల పళ్ళమీద చారలు కనిపిస్తే, సరిగా తోమలేదని తిట్టకండి. వాళ్ళ చేతిలోని లోటా తీసుకుని, ఆ నీళ్ళు ఎక్కడివని అడగండి.