మూసిన మంచి కన్ను

మా పక్కింటివాళ్ళకి ఏడో నెలలోనే పుట్టిన మనవరాలికి మొన్న కంటి పరీక్ష ఉంటే, పిల్ల చక్కగానే చూస్తోంది కదా, ఇంకా ఎన్నాళ్ళు తిప్పుతామని ఇంటిల్లిపాదీ మానేసే ఆలోచనలో పడ్డారని తెలిసి, పిలవని పేరంటానికి వెళ్ళి మరీ దులిపేసి వచ్చాను. నాకు ఒళ్ళు మండింది మరి. ఎన్నాళ్ళన్న ఆ మాట మా అమ్మ విన్నంతగా ఎవరూ విని ఉండరు.

డెబ్భైలలో బండారులంకలో మాది మగ్గం ఇల్లు. నేనూ ఏడో నెల పిల్లనే. దూదిలో చుట్టి బతికించుకున్నారు గానీ, నడక వచ్చేసరికి నేనొకవైపు చూస్తే నా ఎడమ కన్ను ఇంకోవైపు చూసేది. మెల్లకన్ను అదృష్టమని చుట్టాలు మురిసిపోయారు. అదృష్టం సంగతి తరవాత, ముందు చూపు సంగతి తేల్చుకుందామని అమ్మ నన్ను చంకనేసుకుని, ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటి కాకినాడ తీసుకెళ్ళింది. మంచి కన్ను మూస్తేనే రెండోది పని నేర్చుకుంటుందని, రోజూ కుడికంటికి గుడ్డ కట్టమని డాక్టరుగారు చెప్పారు. నెలలు నిండని పిల్ల కాబట్టి కంటి లోపలి పొరని పెద్దయ్యాక కూడా ఏటేటా చూపించుకోవాలన్నారు.

అమ్మ నేతకని మగ్గం గుంటలోకి దిగగానే, నేను గడపలు తన్నుకుని పడడం చూడలేక నాయనమ్మ ఆ గుడ్డ విప్పేసేది. ఉన్న ఒక్క మంచి కన్నూ మూసేస్తారా అని ఆవిడ ఏడుపు. మరుసటి ఏడు చూపేమీ మెరుగవలేదని, ఇలాగే వదిలేస్తే ఆ కన్ను ఇంక పనికిరాదని డాక్టరుగారు అన్నాక అమ్మ ఆరా తీస్తే గుడ్డ విప్పేస్తున్న సంగతి బయటపడింది. అమ్మ అరవలేదు, నాయనమ్మతో ఒక్క మాటే అంది.

"రేపట్నుంచి గుడ్డ మీరే కట్టండత్తయ్యగారూ. దీనికి చూపు రాకపోతే డాక్టరుగారిని అడగనండి, మిమ్మల్నే అడుగుతాను."

కోడలి మాటకి ఎన్నడూ ఆయ్ అని తలూపని నాయనమ్మ ఆ పూట ఆయ్ అంది.

ఆనాటినుంచి ఆవిడ రాట్నం దగ్గరే నా బడి. మగ్గానికి నూలు కండెలు చుడుతూంటే పోగు తెగినప్పుడల్లా దాని కొస నేను ఎడమ కంటితో వెతికి పట్టుకోవాలి. ఎర్రపోగు తొందరగానే దొరికింది, తెల్లపోగుకి చాలాకాలం పట్టింది. అది దొరికిననాడు నాయనమ్మ వీధంతా వినబడేలా అమ్మని కేకేసింది. ఆ తరవాత, చూపొచ్చిందిగా, మళ్ళీ కాకినాడ దేనికి అన్న చుట్టాలని ఆవిడే గుమ్మంలోంచి సాగనంపేది.

ఇప్పుడు రాట్నాలు అటకెక్కాయి, కాకినాడకి రేవు దాటే పనీ లేదు. నెలలు నిండని పిల్లల కళ్ళు పుట్టిన నెలలోనే చూసేస్తున్నారు. ఆ వైద్యం ఆనాడు మా అమ్మకి అందుబాటులో లేకపోయిందే అనిపిస్తుంది. ఎన్నాళ్ళన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. నేను ఈ ఏడూ వెళ్ళి చూపించుకుని వచ్చాను, చూపున్నన్నాళ్ళూ వెళతాను. పక్కింటి పిల్లని వాళ్ళు తీసుకెళ్ళకపోతే నేనే చంకనేసుకుని తీసుకెళతాను. ఆ మాట వాళ్ళతో చెప్పే వచ్చాను.