మధురానగర్, మంగళవారం బీట్

రెండు వేల ఒకటి జూన్‌లో నన్ను విజయవాడ నుంచి హైదరాబాదుకు బదిలీ చేసి అమీర్‌పేట, పంజాగుట్ట టెరిటరీ అప్పగించారు. టీపొడి, సబ్బులు, బట్టల పొడి అమ్మే పెద్ద కంపెనీ మాది. నా హోదా టెరిటరీ సేల్స్ ఆఫీసర్. వినడానికి ఏదో సరిహద్దు కాపలా ఉద్యోగంలా ఉంటుంది గానీ, చేసే పని కిరాణా కొట్ల చుట్టూ తిరగడం. నా పైన ఏరియా మేనేజర్, ఆయన పైన బ్రాంచి మేనేజర్. నా కింద నా స్కూటరు.

మా వృత్తిలో బీట్ అంటే ఒక రోజులో తిరగాల్సిన కొట్ల వరస. మధురానగర్‌ది మంగళవారం బీట్. ఎండైనా వానైనా ఆ రోజు పదకొండింటికల్లా నేను యాదగిరి కొట్టు ముందుండాలి. కావలసిన సరుకు ఆయన ఓ చీటీ మీద రాసి, తలుపు పక్కన మేకుకు గుచ్చి ఉంచేవాడు. నేను చీటీ తీసుకుని ఆర్డరు పుస్తకంలో ఎక్కిస్తే, మర్నాడు డిస్ట్రిబ్యూటర్ వ్యాన్‌లో సరుకు దిగేది. డిస్ట్రిబ్యూటర్ అంటే కంపెనీకీ కొట్లకూ మధ్య ఉండే టోకు వ్యాపారి. తన వాటా కలుపుకున్నాకే ఆయన ధర చెబుతాడు.

ఆ కాలనీలో ఇళ్లు లేస్తున్న రోజుల్లో యాదగిరి తండ్రి అక్కడికి మేస్త్రీ పనికి వచ్చాడట. కొడుకు అక్కడే కొట్టు పెట్టాడు. అమీర్‌పేటలో మైత్రీవనం భవనం చుట్టూ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు కిటకిటలాడే కాలమది. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు గదికి నలుగురైదుగురు చొప్పున మధురానగర్ హాస్టళ్లలో సర్దుకునేవారు. ఊరెళ్లేటప్పుడు గది తాళం యాదగిరి దగ్గర పెట్టేవారు. ఇంటి నుంచి పచ్చడి జాడీ వస్తే ఆయన బల్ల కిందే ఉండేది. భీమవరం నుంచి వచ్చిన రాజ్యలక్ష్మి గారికి అక్కడ మూడు హాస్టళ్లు. వాటికి నెల సరుకంతా యాదగిరే వేసేవాడు. కొట్టు నిలబడ్డది వాటి మీదే. మిగతా బేరాలతో అద్దె గడిస్తే గొప్ప.

రెండు వేల ఆరులో పంజాగుట్ట చౌరస్తాకు దగ్గర్లో మూడంతస్తుల తగ్గింపు ధరల దుకాణం తెరిచారు. దేశమంతా కొట్లున్న సంస్థ. అలాంటివాళ్లకు డిస్ట్రిబ్యూటర్‌తో పని లేదు. కంపెనీ నేరుగా లారీలకు లారీలు దింపుతుంది. పైగా మా సరుకు కంటికెదురుగా ఉన్న అరల్లో పెట్టినందుకు వాళ్లకు విడిగా సొమ్ము ముట్టజెబుతుంది. ఫలితం ఏమిటంటే, యాదగిరి నా దగ్గర కొనే ధర కంటే, అక్కడ దారిన పోయేవాడు కొనే ధర తక్కువ.

ఓ మంగళవారం వెళ్లేసరికి మేకుకు చీటీ లేదు. రాజ్యలక్ష్మి గారు ఆ దుకాణం ధరలు చూసి వచ్చి, "ఏంటి యాదగిరి గారూ, ఇన్నాళ్లూ ఇంతింత వేసి అమ్మారా మాకు? ఆ ధరకే ఇస్తే సరే, లేకపోతే వచ్చే నెల నుంచి నేనే ఆటో పంపించుకుంటాను" అనేసి వెళ్లారట.

"నువ్వే చెప్పన్నా," అన్నాడు యాదగిరి. "మీ టీపొడే గాడ గంత సస్తకు అమ్మితె, నేనెట్ల అమ్మాలె? మీ కంపెనీకి నేను పరాయోన్ని అయిన్నా?"

ఇదే సంగతి ఏరియా మేనేజర్‌ను అప్పటికే అడిగాను. వాల్యూమ్ అనే ఒక్క ఇంగ్లీషు మాటతో ఆయన నా నోరు మూయించాడు. అంటే ఎక్కువ కొనేవాడికి తక్కువ ధర అని. ఆ మాట పట్టుకెళ్లి యాదగిరికి చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. అప్పుడు నోరు జారాను. "అక్కడే కొనుక్కో యాదగిరీ. హాస్టళ్ల వరకైనా నిలబెట్టుకో. నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనకు," అన్నాను.

సేల్స్ ఉద్యోగంలో ఇంతకు మించిన తప్పు లేదు. మన కొట్టువాణ్ని మనమే వేరే దారిలో కొనమని పంపకూడదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది. యాదగిరి నా పేరు ఎక్కడా చెప్పలేదు గానీ, కొనడమైతే దాచలేకపోయాడు. ఒకరిని చూసి ఒకరు, నెల తిరక్కుండానే మధురానగర్ కొట్లవాళ్లు సగంమంది ఆ దుకాణం మెట్లెక్కారు.

జీతాలు పడ్డ తర్వాత వచ్చే మొదటి శనివారం ఆ దుకాణంలో పెద్ద తగ్గింపు. మధ్యాహ్నానికల్లా టీపొడి అరలు ఖాళీ అయిపోతున్నాయని, కొట్లవాళ్లు ఊడ్చుకుపోతున్నారని అక్కడి ఫ్లోర్ మేనేజర్ మా బ్రాంచికి ఫిర్యాదు రాశాడు. మనిషికి రెండు ప్యాకెట్లే అని బోర్డు పెట్టారు. యాదగిరిలాంటివాళ్లు ఇంటిల్లిపాదినీ తీసుకురావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లలో కొట్టువాడెవడో, గృహస్థుడెవడో దుకాణంవాళ్లకు తెలియదు. ముఖాలు గుర్తుపట్టే మనిషిని పంపమన్నారు. ఆ ప్రాంతంలో కొట్లవాళ్ల ముఖాలన్నీ తెలిసినవాణ్ని నేనే. అయిదేళ్లు ఎండలో తిరిగి సంపాదించిన చదువు అది. అలాంటి ఓ శనివారం బిల్లింగ్ కౌంటర్ల పక్కన ఓ కుర్చీ వేసి, మెడలో కార్డు తగిలించి నన్ను కూర్చోబెట్టారు. పక్కనే ఏరియా మేనేజర్.

పొద్దున ముగ్గురిని గుర్తుపట్టాను. చూడనట్టు ముఖం తిప్పుకున్నాను. ఇలా రోజు వెళ్లదీసేద్దామనే నా ఎత్తు. పన్నెండు దాటాక యాదగిరి వచ్చాడు. ఆయన, భార్య భాగ్యమ్మ, మరదలు, ముసలి అత్త. నాలుగు బుట్టలు, నాలుగు వరసలు. నాలుగు బుట్టల్లోనూ ఒకే టీపొడి ఉండటం చూసి గార్డు ఆపాడు. ఇంట్లో పెళ్లి ఉందని భాగ్యమ్మ చెప్పింది. గార్డు నమ్మలేదు. మాటా మాటా పెరిగింది. అంతలో యాదగిరి కళ్లు నా మీద పడ్డాయి. ఆయన ముఖం విప్పారడం ఇప్పటికీ నాకు గుర్తే.

"గదిగో, మా ప్రసాదన్న ఉన్నడు. ఆయన్ని అడుగుండ్రి. నా సంగతంత ఎర్క ఆయనకు," అన్నాడు గట్టిగా.

ఫ్లోర్ మేనేజర్ నా వైపు తిరిగి, ఈయన మీకు తెలుసా అని అడిగాడు. ఏరియా మేనేజర్ కూడా చూస్తున్నాడు. తెలియదని చెప్పొచ్చు, కానీ యాదగిరి నన్ను పేరుపెట్టి పిలిచాడు. మా చుట్టమని చెప్పొచ్చు. ఆ మాట నాకు సాయంత్రం స్కూటరెక్కాక తోచింది. అప్పుడు మాత్రం అయిదేళ్ల అలవాటు నా నోట్లోంచి తన్నుకొచ్చింది. "తెలుసు. మధురానగర్ కిరాణం. మంగళవారం బీట్, రెండో వీధి," అన్నాను. ఎవరూ అడగని వీధి కూడా చెప్పాను.

నువ్వేగా రమ్మన్నావని యాదగిరి ఒక్క మాట అంటే, పక్కనున్న ఏరియా మేనేజర్ ఆ సాయంత్రమే నా కార్డు తీసుకునేవాడు. ఆ మాట ఆయన పెదాల దాకా వచ్చింది కూడా. నేను చూశాను. ఆయన అనలేదు. భాగ్యమ్మ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగు బుట్టల్లోని ప్యాకెట్లూ ఒక్కొక్కటే తీసి, వెనక్కి నడిచి, ఏ అరలోవి ఆ అరలో పేర్చాడు. పేర్లు బయటికి కనబడేలా పేర్చాడు. కొట్లో అలా పేర్చడం నేను నేర్పిందే.

మంగళవారం వెళ్లాను. వెళ్లకపోతే బీట్ తప్పినట్టు నమోదవుతుంది. క్షమాపణ అడగాలనుకుని ఏదో గొణిగాను.

"మీ కొలువు మీరు చేసిండ్రు సార్. నాకేం కోపం లేదు," అన్నాడు. "గా హాస్టళ్లు పోయినయ్. ఇంగ చీటీ ఏం రాయాలె?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. కంపెనీ మీద, ఆ మూడంతస్తుల దుకాణం మీద, బేరమాడిన రాజ్యలక్ష్మి గారి మీద వంతులవారీగా కోప్పడ్డాను. నిజానికి ఆవిడ తప్పేముంది? పిల్లలు కట్టేదాంట్లోనే ఆవిడ వాళ్లకు టీ పోయాలి.

మూడు నెలలు ఆర్డరు రాకపోతే కొట్టు పేరు బీట్ జాబితాలోంచి కొట్టేయాలన్నది మా నియమం. కారణం గడిలో 'మూసివేత' అని రాసి సంతకం పెట్టాను. అక్కడిప్పుడు జెరాక్స్ షాపు. ఆ ఏడాది అలాంటి సంతకాలు ఇంకా పెట్టాను. చివరికి మంగళవారం బీట్‌ను బుధవారం బీట్‌లో కలిపేశారు. డిస్ట్రిబ్యూటర్ ఒక వ్యాన్ అమ్మేసి, దాని డ్రైవర్‌ను పంపించేశాడు. ఊళ్లకెళ్లే పిల్లలు తాళాలు ఎవరి దగ్గర పెట్టారో నాకు తెలియదు. పై ఏడు ఆ దుకాణం టీపొడి మీద తగ్గింపు తీసేసింది. రాజ్యలక్ష్మి గారు ఫోన్ చేసి, "ఇదేంటండీ ప్రసాద్ గారూ, ఇంత అన్యాయమా" అన్నారు. పక్కన కొట్లు లేకపోతే ధర తగ్గించాల్సిన తొందర ఎవరికీ ఉండదని ఆవిడకు చెప్పలేదు. ఆ పాటికి నన్ను పెద్ద దుకాణాల విభాగానికి ప్రమోట్ చేశారు.

తర్వాతి కాలంలో కొత్తగా చేరిన సేల్స్‌వాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఒకటే చెప్పేవాణ్ని. మన మాట నమ్మి ఎవరైనా ఒక పని చేస్తే, అదే పనికి వాళ్లను పట్టించే కుర్చీలో మనం కూర్చోకూడదు. ఒంట్లో బాగాలేదని చెప్పండి, సెలవు పెట్టండి. ఆ శనివారం సెలవు పెట్టాలన్న ఆలోచన నాకు వచ్చింది. ప్రమోషన్ల జాబితా తయారవుతోందని మానుకున్నాను. రిటైరైన రోజు, వాడుకోని సెలవులకు లెక్కగట్టి కంపెనీ నాకు చెక్కు ఇచ్చింది. అందులో ఆ శనివారం కూడా ఉంది.