నిచ్చెనక్క కొత్త కొలతలు

మా పిన్ని ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకొక బరువు దిగిపోతుంది. ఆవిడ గురించి ఎవరు మాట్లాడినా అక్కడే మొదలుపెట్టేవాళ్ళు, చాలామంది అక్కడే ఆగిపోయేవాళ్ళు కూడా. వీధంతా ఆవిడని నిచ్చెనక్క అనేది. బల్బు మార్చాలన్నా, అటక మీంచి డబ్బా దించాలన్నా "నిచ్చెనక్కని పిలవండర్రా" అని కేకలు. పిలిస్తే వచ్చేది, పని చేసిపెట్టేది. తిరిగి వెళ్ళేటప్పుడు గుమ్మం తగలకుండా తల వంచేది. వీధిలోకి వచ్చాక కూడా ఆ తల ఎత్తేది కాదు.

ఆవిడ భర్త, మా బాబాయి, దర్జీ. ఎత్తు ఐదడుగుల రెండు, బొజ్జ అందుకు రెట్టింపు. ఇద్దరూ కలిసి బయటికి వస్తే పిల్లలు "పది వస్తోంది, పది!" అని అరిచేవాళ్ళు. ఒకటి పక్కన సున్నా అన్నమాట. ఆ పేరు పెట్టినవాడెవడో నాకు తెలుసు. ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. ఎక్కడైనా ఎదురుపడితే నేను పలకరించను.

బాబాయి కొట్టంటే వాళ్ళింటి ముందు గదే. కిటికీ పక్కన మిషను, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడ మేకులకి వేలాడుతూ కత్తిరింపు కొలతల అట్టముక్కలు. మూల ఎత్తు తక్కువ పీట మీద కూర్చుని పిన్ని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. "కూర్చుంటే అందరం ఒకటే ఎత్తే" అనేది నవ్వుతూ. నా చిన్నప్పటి సెలవులన్నీ ఆ గదిలోనే, బల్ల కింద పడ్డ గుడ్డముక్కలు ఏరుకుంటూ గడిచాయి. కొత్త గుడ్డ గంజి వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. అంత సుఖంగా మళ్ళీ ఎప్పుడూ లేను, అబద్ధం చెప్పడం ఎందుకు.

ఒకరోజు ఒక ఖాతాదారు విదేశం నుంచి ఫోటో తెచ్చింది. సముద్రం పక్కన ఏదో ఊరు, ఎండాకాలం, నలుగురూ తిరుగుతున్న వీధి. అందులో తను వేసుకున్న గౌను లాంటిదే ఇంకోటి కుట్టాలట. బాబాయి గౌను చూశాడు. పిన్ని మాత్రం గౌను వెనక నడుస్తున్న జనాన్ని చూసింది.

"వీళ్ళేమిటే, ఆడవాళ్ళు కూడా ఇంతింత పొడుగున్నారు?" అని నన్ను అడిగింది.

"అక్కడ అందరూ అంతేనట పిన్నీ."

"అయితే అక్కడ నన్నెవరూ చూడరన్నమాట."

బాబాయి మిషను తొక్కడం ఆపాడు. పిన్ని ఫోటో ఇంకా వదలలేదు. "ఏమండీ, ఒక్క పూట చాలు. ఎవరూ వెనక్కి తిరిగి చూడని వీధిలో ఒక్క పూట నడవాలని ఉంది" అంది. పెళ్ళయి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఇది కావాలి అని ఆవిడ నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదలు.

బాబాయి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. నాలుగేళ్ళ తర్వాత, పది రోజులు కొట్టుకి తాళం అని పలక మీద రాసి గుమ్మానికి తగిలించాడు. నాకప్పటికి ఇరవై రెండు, పరాయి భాష నాలుగు ముక్కలు వచ్చు కాబట్టి నన్నూ వెంటబెట్టుకున్నారు.

ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచీ బాబాయికి వేరే లోకం లేదు. "ఎత్తు కలిస్తే సరిపోదే. మనిషి పరాయివాడని ముందు పట్టించేది బట్ట" అని ఆ ఖాతాదారు మా దగ్గరే వదిలేసిన పాత ఫోటోనే భూతద్దం పెట్టి చూసేవాడు. చూసి చూసి ఒక సంగతి తేల్చాడు. అక్కడి వాళ్ళ ఒంటి మీద కొత్త గుడ్డ ఒక్కటి కూడా లేదు. అందరివీ ఉతికి ఉతికి వెలిసిన నూలు బట్టలే. మరి ఊరు చూడ్డానికి వెళ్ళేవాళ్ళం మనమందరం ఏం చేస్తాం? తళతళలాడే కొత్తవి వేసుకుని వెళ్తాం. అక్కడే దొరికిపోతామన్నాడు.

అంతే, కొత్త బట్టలు కుట్టి వాటిని పాతవి చేసే పని పెట్టుకున్నాడు. పిన్నికి వెలిసిన నీలం రంగు గౌను ఒకటి, తెల్లది ఒకటి. వాటిని పదకొండుసార్లు ఉతికించి ఎండలో పడేశాడు. అంచు ఒకచోట మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి, మళ్ళీ విప్పి రెండంగుళాల కింద మడిచాడు. పాత మడత గీత కనబడాలట, ఏళ్ళ తరబడి వాడిన బట్ట అనిపించాలట. నా చొక్కా మోచేతుల్ని ఇటుకముక్కతో రుద్దాడు. పిన్ని తన వంతుగా ప్రతి బట్టకీ ఒక్క గుండీ జత కలవనిది వేసి, పడీ పడీ నవ్వింది. చూసినవాళ్ళు వీళ్ళకి మతి పోయిందనుకున్నారు. మతి మాట ఎలా ఉన్నా, వాళ్ళిద్దరూ అంత హుషారుగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

తీరా వెళ్ళాక చూస్తే బాబాయి లెక్క అక్షరాలా నిజం. సున్నం వేసిన గోడలు, మెట్లు మెట్లుగా సముద్రం దాకా దిగే వీధులు, ఎండకి కమిలి మన రంగుకే తిరిగిన మనుషులు, ఒంటి మీద వెలిసిన నూలు బట్టలు. మాతోపాటు వచ్చిన యాత్రికులు కొత్త టోపీలు పెట్టుకుని గైడు వెనక నడుస్తుంటే, కొట్లవాళ్ళు వాళ్ళ మీద పడి పూసలదండలు అమ్మజూపారు. మా వంక కన్నెత్తి చూడలేదు. బాబాయి మీసం దువ్వుకున్నాడు.

కానీ పిన్నికి నమ్మకం కుదరలేదు. రెండు రోజులూ పది అడుగులకొకసారి నా చెవిలో "చూస్తున్నారా?" అని అడిగేది. "ఎవరూ చూడ్డం లేదు పిన్నీ" అంటే ఒక నిమిషం ఊరుకునేది. అలవాటు ప్రకారం భుజాలు ముందుకి ముడుచుకుని, మెడ కిందికి దించుకుని, మా ఇద్దరి మధ్య ఒదిగి ఒదిగి నడిచేది. నాకు లోపల ఏడుపొచ్చేది. నాలుగేళ్ళు కూడబెట్టుకుని ఇంత దూరం వచ్చింది దీనికా అని.

మూడో రోజు పొద్దున ఊరి మధ్య చౌకులో సంత. బాబాయికి ఒక దుకాణంలో గుండీలు కనబడ్డాయి. ముత్యపుచిప్పవి, కొమ్మువి, గాజువి. ఇంక ఆయన కాలు కదిలితే ఒట్టు. బేరానికి నన్ను లోపలికి లాక్కెళ్ళాడు. పిన్ని బయట నిలబడింది. పావుగంట తర్వాత వచ్చి చూస్తే పిన్ని లేదు.

బాబాయి మొదట కంగారు పడలేదు. ముప్పై ఏళ్ళలో పిన్నిని వెతకాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. ఎంత జనంలోనైనా అందరి తలల మీదుగా ఆవిడ తల కనబడేది. అలవాటుగా మునివేళ్ళ మీద లేచి చూశాడు. చౌకు నిండా పొడుగు తలలే. సగం మంది ఒంటి మీద వెలిసిన నీలమే.

"హోటలు చీటీ నా జేబులోనే ఉంది. దానికి భాష రాదు. దారి తెలీదు" అన్నాడు.

నేను ఒక పళ్ళవాడిని అడిగాను. పొడుగ్గా ఉంటుంది, నీలం గౌను అని నా నాలుగు ముక్కల భాషలో చెప్పాను. వాడు చుట్టూ చూసి, చెయ్యి గుండ్రంగా తిప్పాడు. ఇందులో ఎవరు అన్నట్టు. మా ఊళ్ళో ఆ ఒక్క మాట చాలేది. చంటిపిల్ల కూడా వేలు పెట్టి చూపించేది.

బాబాయి వెతికే తీరు వేరు. ఆయన ముఖాలు చూడడు, వీపులు చూస్తాడు. పిన్ని వీపు వంపు ఆయనకి కంఠతా వచ్చు. ఆ వంపు కోసం చౌకంతా రెండుసార్లు తిరిగాం. చెమటతో చొక్కా తడిసిపోయింది. "నా తెలివి తగలడినట్టే ఉంది. నేనే దాన్ని జనంలో కలిపేశాను. నేనే పోగొట్టుకున్నాను" అని గొణుక్కుంటూనే ఉన్నాడు.

చేపల మెట్ల దగ్గర ఒకావిడ సముద్రం వైపు తిరిగి నిటారుగా నిలబడి ఉంది. మేం ఆవిడని అప్పటికే ఒకసారి దాటిపోయాం. రెండోసారి దాటుతూ, అంత దుఃఖంలోనూ బాబాయి నాలుక చప్పరించాడు.

"చూశావా, ఎవడో దరిద్రపు దర్జీ. వీపు మీద ఎంత గుడ్డ మిగిలిపోయిందో. మెడ కింద చూడు, మడతలు మడతలు. కొలత తీయడం కూడా రాని వెధవ."

రెండు అడుగులు వేసి ఆగిపోయాడు. మెల్లిగా వెనక్కి తిరిగాడు. ఆ కుట్టు తనదే.

పిన్ని మమ్మల్ని చూసి నవ్వింది. మెడ ఎత్తి, భుజాలు వెనక్కి పెట్టి, ఇంత మనిషీ ఇంతగానే నిలబడి ఉంది. "ఎక్కడికి పోయారండీ! నన్నొకావిడ చీటీ చూపించి దారి అడిగింది తెలుసా? నన్ను! ఈ ఊరిదాన్నే అనుకుంది" అంది.

"నువ్వేం చెప్పావు?" అన్నాను.

"అటు అని చెయ్యి చూపించా. పాపం ఎక్కడ తేలిందో."

నేను పగలబడి నవ్వాను. బాబాయి నవ్వలేదు. ఆయన చూపు ఆ వీపు మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నం హోటలు గదికి రాగానే టేపు తీశాడు. ఏ ఊరు వెళ్ళినా అది ఆయన మెడలోనో సంచిలోనో ఉండాల్సిందే. పిన్నిని అలాగే నిలబడమని, తను కుర్చీ ఎక్కాడు. మెడ ఎముక నుంచి నడుము దాకా కొలిచాడు, ముందు వైపు భుజం నుంచి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. వెనక ఒకటిన్నర అంగుళం తగ్గింది, ముందు అంతకంటే ఎక్కువే పెరిగింది. ఆయన కుర్చీ దిగి దాని మీదే కూలబడ్డాడు.

"ముప్పై ఏళ్ళుగా నీ బట్టలు వంపుకి కుడుతున్నాను. వెనక పొడుగు పెంచి, ముందు తగ్గించి, నువ్వు వంగావని ఎవరికీ తెలియకుండా. గొప్ప పనితనం అనుకున్నాను. ఎంత హాయిగా వంగడానికి వీలు చేశానో ఇప్పుడు తెలిసింది. నా పక్కన నడవడానికే కదా అలా వంగావు?"

"మీరొచ్చేసరికే వంగిపోయానండీ. పద్నాలుగో ఏట నుంచీ అంతే" అంది పిన్ని.

"అబద్ధం చెప్పకు."

పిన్ని గౌను అంచు మడత సవరించుకుంది. "సగం చూసేవాళ్ళకోసం వంగాను. సగం మీకోసం" అంది చివరికి.

బాబాయి ఏడ్చాడు. మాట వరసకి కాదు, నిజంగానే, టేపు కళ్ళకి అద్దుకుంటూ ఏడ్చాడు. నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. మిగిలిన నాలుగు రోజులూ ఆ ఊళ్ళో ఆయన పిన్ని చెయ్యి పట్టుకుని, తల పైకెత్తి ఆవిడతో మాట్లాడుతూ నడిచాడు. ఒక్కరు కూడా తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చాక ఏమైందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వీధి మొగలో "నిచ్చెనక్క వచ్చింది!" అనే కేక వినబడగానే పిన్ని భుజాలు ముడుచుకుపోయాయి. నా ఒళ్ళు మండింది. మర్నాడు బాబాయి ఆవిడ బీరువాలో బట్టలన్నీ తెచ్చి బల్ల మీద కుప్ప పోశాడు. ఒక్కొక్కటీ విప్పి, వెనక కత్తిరించి, ముందు వైపు లోపలికి మడిచి ఉంచిన గుడ్డ విప్పి, హోటలు గదిలో తీసిన కొలతకి కుట్టాడు. వంగితే చాలు, వీపు పట్టేసి చంకలు లాగేవి. "ఇవేం బట్టలండీ, ఒంటికి ఉరి" అని నెల రోజులు తిట్టిపోసింది. "నిలబడు, సరిపోతాయి" అనేవాడు మిషను మీంచి తల ఎత్తకుండా. విసుగొచ్చి నిలబడింది. వీధి ఒక నెల చూసింది, రెండు నెలలు చూసింది. తర్వాత ఎవరి గొడవలో వాళ్ళు పడ్డారు.

బాబాయి పోయి తొమ్మిదేళ్ళయింది. పిన్ని నా దగ్గరే ఉంటోంది. డెబ్బై దాటి చాలా రోజులైంది, ఈసారి వంచింది వయసు, దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. ఆయన కుట్టిన బట్టలు వీపు మీద బిగుసుకుని కుట్ల దగ్గర లాగుతున్నాయి. చూడలేక, వెనక కాస్త గుడ్డ వేయిస్తానని మొన్న అడిగాను.

"వద్దే. వంగినప్పుడల్లా ఆయన వెనక నుంచి చెయ్యి వేసి లాగినట్టు ఉంటుంది" అంది.

అని, గోడ పట్టుకుని, వీలైనంత నిటారుగా లేచి నిలబడింది.