విమల కూడా ఆ పాపకి అమ్మే

నిన్న ఉదయం హిద్‌లో, నేను నర్సుగా పనిచేసే ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాను. ఫస్ట్ ఎయిడ్ రూమ్‌లో ఒకతని చేతికి కట్టు కడుతుంటే ఫోన్ మోగింది. విమల పనిచేసే ల్యాబ్ నుంచి.

"సిస్టర్, విమల పని చేస్తూ చేస్తూ పడిపోయింది. హాస్పిటల్‌కి తెచ్చేసరికే ప్రాణం పోయిందంటున్నారు."

కట్టు పూర్తి చేశాను. ఎలా చేశానో తెలియదు.

గుండెపోటట.
నలభై ఒక్క ఏళ్లకి.

మొన్న శుక్రవారం చర్చి ఫెలోషిప్‌లో నా పక్కనే కూర్చుని పాడింది. ఇంకా నమ్మలేకపోతున్నాను.

మీలో చాలామందికి విమల అంటే ఈ గల్ఫ్ దేశానికి వచ్చి జుఫైర్‌లో ఒంటరిగా ఉండే కాకినాడ అమ్మాయి, అంతే. నాకు తెలిసిన విమల వేరు. ఈ పోస్ట్ మన కొద్దిమందికే కనిపించేలా పెట్టాను. సునీతని అడిగాకే రాస్తున్నాను. సునీత అన్నది అసలు పేరు కాదు. పాప పేరు కూడా మార్చాను.

సునీత కడుపుతో ఉండగానే భర్త వదిలేసి వెళ్లిపోయాడు. ఒక్కతే ఉంటే కష్టమని విమల ఆమె ఫ్లాట్‌కి మారింది. ఆ తోడే తర్వాత కాపురం అయింది.

ఒకరోజు వాళ్లింట్లో విమలే నాతో చెప్పింది. "అక్కా, మేం రూమ్మేట్స్ కాదు. పెళ్లయినవాళ్లం అనుకో."

వాళ్లు వడ్డించిన అన్నం తిని వచ్చాను. మళ్లీ వారం కూడా వెళ్లాను.

సునీతకి హనీ పుట్టినప్పుడు నర్సు చేతుల్లోంచి మొదట అందుకున్నది విమలే. పాప సునీతని మమ్మీ అనేది, విమలని అమ్మ అనేది. బయట ఎవరైనా ఉంటే మాత్రం పిన్ని. అంత చిన్న పిల్లకి ఆ తేడా మేమే నేర్పించాం. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

హనీకి నాలుగేళ్లప్పుడు జ్వరం తగ్గక బ్లడ్ టెస్ట్ రాశారు. సూది చూసి బల్ల కిందకి దూరిపోయింది. ల్యాబ్‌లో రోజూ ఎంతోమంది దగ్గర రక్తం తీసే విమల, తన చెయ్యి చాపి కొలీగ్‌తో ముందు తనకే తీయించుకుంది.

"చూడు, నాకూ తీశారు. కొంచెం నొప్పేసింది. అబద్ధం చెప్పను."

పాప బయటికొచ్చింది. విమల ఒళ్లో కూర్చుని చెయ్యి చాపింది.

హనీకి ఆరున్నర ఏళ్లప్పుడు వాళ్లిద్దరూ విడిపోయారు. వాళ్ల మధ్య ఏం తెగిందో నాకు పూర్తిగా తెలియదు. ఇద్దరిదీ కొంత కొంత తప్పుందనే అనుకుంటాను. సునీత పాపని తీసుకుని హమద్ టౌన్‌లో ఉండే అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. మొదట్లో ప్రతి శుక్రవారం పంపేది. నాలుగు వారాల తర్వాత అదీ ఆగిపోయింది. ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తేవాడు.

విమలతో లాయర్ దగ్గరికి నేనూ వెళ్లాను. పాప టీకాల కార్డు, ఫోటోలు, స్కూల్ ప్రోగ్రెస్ రిపోర్టులు ఫైల్‌లో పెట్టి తెచ్చింది. ఆయన ఓపికగా అన్నీ చూశాడు. తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పిన మాటలు ఇవి:

"కన్నది మీరు కాదు. గార్డియన్ అని కాగితం లేదు. మీ పెళ్లిని ఇక్కడా ఒప్పుకోరు, ఇండియాలోనూ ఒప్పుకోరు. అందుకని దీన్ని విడాకులు అనీ అనరు. పిల్లని చూసే హక్కు అడగడానికి మీకు దారి లేదు."

"అయినా కేసు వేస్తే?" అని నేనే అడిగాను.

"ఏ సంబంధంతో అడుగుతున్నారో చెప్పాలి. చెబితే ఇద్దరి వీసాలూ పోవచ్చు."

విమల ఒక్కటే అడిగింది. "అప్పుడు పాప చదువు?"

"మధ్యలో ఆగిపోతుంది."

ఫైల్ మూసేసింది. "ఖలాస్ అక్కా. పద."

కారెక్కాక నేనొక మాట అన్నాను. "సొంత బిడ్డ కాదు కదే, మర్చిపో."

రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే ఇంటికి వచ్చింది. నేను సారీ చెప్పబోతే చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్తున్నాను విమలా. వినడానికి నువ్వు లేవు.

ఇంత చిన్న దేశం. జుఫైర్ నుంచి హమద్ టౌన్‌కి కారులో అరగంట. మూడున్నరేళ్లు ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడకుండానే వెళ్లిపోయింది. సునీత గురించి మాత్రం నా దగ్గర ఎప్పుడూ చెడ్డగా మాట్లాడలేదు.

నిన్న సునీతకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"హనీకి ఏం చెప్పనక్కా?"

"నిజం చెప్పు."

"ఏ నిజం చెప్పను? నేనే దూరం చేశానని చెప్పనా?"



ఇవాళ పొద్దున సునీత నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది హనీ. పదేళ్ల పిల్ల. గొంతు మారిపోయింది.

"ఆంటీ, మా స్పోర్ట్స్ డేకి తను వచ్చింది. రోడ్డు అవతల నిలబడింది. నేను చూశాను. చెయ్యి ఊపితే మమ్మీ ఏడుస్తుందని ఊపలేదు."

విమల అక్కడికి వెళ్లినట్టు నాకు కూడా తెలియదు.

"నేను చూశానని తనకి తెలుసా ఆంటీ?"

"తెలుసు తల్లీ" అన్నాను.

నిజంగా తెలుసో లేదో దేవుడికే ఎరుక. ఇంకేం చెప్పగలను?

రేపు విమలని కాకినాడ పంపిస్తున్నాం. ఈలోపు ఇవాళ సాయంత్రం హనీని మార్చురీకి తీసుకొస్తానని సునీత అంది. అన్నయ్యకి తనే చెప్పుకుంటుందట. దయచేసి అక్కడ ఎవరూ వాళ్లని ఏమీ అడగకండి. కాస్త జరిగి, ఆ పిల్లకి ముందు చోటివ్వండి.

విమలా, చాలా అలసిపోయావు. ప్రభువు నిన్ను తన దగ్గర చల్లగా ఉంచుకోవాలి. ప్రశాంతంగా నిద్రపో చెల్లీ.