టపా సైదయ్య వెనక పరుగు

స్వాతంత్ర్యం రాకముందు మాట. పంతొమ్మిదేళ్లకే పంతులమ్మనై, మాచర్ల నుంచి కొండ అవతలి పల్లెకు బయలుదేరాను. సగం దారిలో మా ఎద్దుబండి ఇరుసు విరిగింది. పొద్దు వాలుతోంది. ఆ అడవిలో చిరుత తిరుగుతోందని బండివాడు చెప్పాడు. అంతలో టపా సంచీ మోసే సైదయ్య మృగాలు బెదిరేందుకు గజ్జెలు కట్టిన కర్రతో పరుగున వచ్చాడు.

“నా ఎనకే ఉరుకు పంతులమ్మా, ఆగమాక!” అన్నాడు.

బండివాడు మంట వేసుకుని ఎద్దుల దగ్గరే ఉండిపోయాడు. నేను చీర ఎగదోపి ఆ గజ్జెల చప్పుడు వెంట పరిగెత్తాను. చూస్తుండగానే చీకటి పడింది. నా కాళ్లు నాకే కనపడలేదు. ఆయన మాత్రం వేగం తగ్గించకుండా, “ఎడం పక్క బండ, కాలెత్తు. ముళ్లకొమ్మ, తలొంచు” అని చెబుతూనే ఉన్నాడు. ఒక్కటీ తప్పలేదు. ఆ కళ్లకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఊరు చేరాం. ఒక అరుగు మీద లాంతరు వెలుగుతోంది. అంత వెలుగులోనూ సైదయ్య నేరుగా వెళ్లి, వీధిలో నిలిపిన బండిని గుద్దుకుని పడ్డాడు.

లేపబోతే నా చెయ్యి తడుముకుని పట్టుకున్నాడు. “నాకు రేచీకటి తల్లీ. కొండలో రాళ్లు ఎక్కడియ్యి అక్కడే ఉంటయ్యి. ఊళ్లోనే చిక్కు. పోస్టాఫీసులో చెప్పమాక, ఉజ్జోగం పోద్ది.”

చెప్పలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది కనుక ఇప్పుడు రాస్తున్నాను. కళ్లున్న నన్ను ఆ రాత్రి ఊరు చేర్చింది ఆయన పాదాలే.