కిందికి చూసే బాబూరావు

మా ఆయన హరికిషన్‌కు కాలు ఒక చోట నిలవదు. కాలు కాలిన పిల్లి అంటారు గానీ, ఆ పిల్లయినా ఎప్పుడో ఒకప్పుడు పడుకుంటుంది. ఈయన అన్నం తింటూ కూడా వేలితో కంచం అంచు మీద ఎవరిదో ముక్కు గీస్తుంటాడు. పెళ్లయిన కొత్తలో నన్ను కుదురుగా చూడడేమని ఏడ్చాను కూడా. ఆయన ఎవరి ముఖాన్నయినా ముక్కలుగానే చూస్తాడని తర్వాత తెలిసింది. గళ్లు కొట్టి, ఒక గడిలో చెవి, ఇంకో గడిలో సగం గడ్డం. కటౌట్లు వేసేవాళ్ల చూపు అంతే.

ఫ్లెక్సీలు రాకముందు, ఎన్నికలొస్తే సికింద్రాబాద్ రోడ్ల మీద లేచి నిలబడే తాటిచెట్టంత నాయకుల్లో చాలామంది మా ఆయన చేతిలోంచి వచ్చినవాళ్లే. కింద మూలన పేరు మాత్రం 'సోమయ్య ఆర్ట్స్'. సోమయ్య ఆయన గురువు. గురువు పోయాక కూడా రాంగోపాల్‌పేట్ దుకాణానికి ఆ పేరే ఉంచాడు. ఓట్లు పడగానే కటౌట్లు దించేవాళ్లు. చెక్క ఒకడు, గుడ్డ ఒకడు ఎత్తుకుపోయేవాళ్లు. "ఒక్క బొమ్మన్న నా పేరుతోటి గోడ మీద ఉండాలె లతా. దాన్ని ఎవ్వడు దించొద్దు" అనేవాడు. ఆయన జన్మకు ఉన్న ఆశ అదొక్కటే.

ఫ్లెక్సీ వచ్చి పని పోయింది. అది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటి పోటులా రోడ్డు వెడల్పు మొదలైంది. అంతకుముందు ఎన్నికల్లో మా ఏరియా లీడర్ బాబూరావు మా దుకాణం ముందే జీపెక్కి, "నేనున్నన్ని రోజులు ఈ బజార్ల ఒక్క గోడ పడనియ్య" అని చెయ్యెత్తి చెప్పాడు. ఆ మాటను ఊరి గోడల మీద ఎర్ర రంగుతో రాసింది మా ఆయనే. బాబూరావు గెలిచాడు. గోడలు పడ్డాయి. మా దుకాణం గోడ కూడా పడింది. మేం మల్కాజ్‌గిరిలో ఒక అద్దె గదికి చేరాం. నేను తిట్టని తిట్టు లేదు. ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. నా ఒళ్లు మండింది అందుకే.

మొన్నామధ్య నవత అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ప్యారడైజ్ దగ్గర ఒక పాత బంగళాలో నాయకుల బొమ్మలతో ఎగ్జిబిషన్ పెడుతోందట. ఒక్కొక్కరి ముఖం, దాని కింద వాళ్లే అన్న మాట.

"మీ చేత్తో ఒక్కటి కావాలంకుల్, పాత కటౌట్ స్టైల్లో. మీ ఏరియా లీడర్ బాబూరావు గారిది వేస్తారా? ఆయనన్న మాట ఏదైనా గుర్తుందా?"

మా ఆయన ఆలోచించనే లేదు. గోడల సంగతి చెప్పేశాడు. నేను వంట దగ్గర ఉండి విన్నాను. ఇన్నాళ్లకు నోరు తెరిచాడని సంబరపడ్డాను.

ఆ సంబరం సాయంత్రానికే పోయింది. "ఎందుకు జెప్పిననో ఏందో" అంటూ గదిలో అటూ ఇటూ తిరగడం షురూ చేశాడు. బొమ్మ మాత్రం చకచకా వచ్చేసింది. చివరికి కళ్లు మిగిలాయి. కళ్లు ఆఖర్నే తెరవాలి, తెరిచాక వాటి మీద మళ్లీ బ్రష్ పెట్టకూడదు. అది సోమయ్య పెట్టిన కట్టడి. ఒకరోజు పొద్దున్నే స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, బాబూరావు కళ్లు తెరిచాడు. మూలన పేరు మాత్రం రాయలేదు.

"పేరేది?" అన్నాను.

"బాబూరావు మనుషులు జూస్తరు. వద్దులే."

"జన్మంతా పేరు పేరని కలవరిస్తివి. ఇయ్యాల రాయమంటే చెయ్యి వణుకుతుందా?"

ఆయన బ్రష్‌లు కడగడానికి వెళ్లాడు.

ఎగ్జిబిషన్ మొదటి రోజు నేనూ వెళ్లాను. బొమ్మలన్నీ మన తలకు సమానంగా కట్టారు. మిగతా నాయకులంతా మనల్నో, మన వెనక దేశాన్నో చూస్తున్నారు. మా బాబూరావు ఒక్కడే కళ్లు దించుకుని, తన కింద రాసి ఉన్న తన మాటను తానే చదువుకుంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నట్టున్నాడు. జనం అక్కడే గుమిగూడారు. "ఏం గట్స్ అంకుల్ మీవి!" అని ఎవరో అబ్బాయి మా ఆయన చెయ్యి పట్టి ఊపాడు.

ఆయన నన్ను పక్కకు లాగాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. "లతా, తప్పయింది. కటౌట్ ఎత్తుల ఉంటది, జనం కింద ఉంటరు. కళ్లు కిందికి దించితేనే నన్నే జూస్తుండు అనిపిస్తది. ఇన్నేండ్లు గట్లనే ఏసిన. ఇది నెత్తికి సమానంగా కడ్తరని యాదికే లేదు."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక ఆగిపోయింది. "నేను చెయ్యని ధైర్యానికి నాకు సలాం కొడ్తున్నరు" అన్నాడు. ఆ పూట నుంచి అన్నం సరిగ్గా తినలేదు. మింగలేడు, కక్కలేడు.

తర్వాత ఒకరోజు మేం బంగళాలో ఉండగా బాబూరావు మనిషి రాఘవేందర్ వచ్చాడు. "అన్న రేపు వస్తుండు హరన్నా. కళ్లు జెర మీదికి లేపు. లేకుంటే బొమ్మ ఉండదు" అని చెప్పిపోయాడు. నవత తల దించుకుంది. "హాలు ఇచ్చినవాళ్లు భయపడుతున్నారంకుల్. మార్చకపోతే నేను ఉంచలేను. మీ బొమ్మ, మీ ఇష్టం."

మర్నాడు రంగుల డబ్బా పట్టుకుని లోకల్ ట్రైన్ ఎక్కాం. ఆయన కూర్చుంటాడు, లేస్తాడు, తలుపు దాకా వెళ్లి వస్తాడు. నేనే అన్నాను. "అలవాటుల అయిందని చెప్పు. దిద్దెయ్యి. బొమ్మ గోడ మీదుంటది, పేరు సుత రాసుకోవచ్చు. నీ ఆశ గదే కదా?"

"తెరిచిన కండ్ల మీద బ్రష్ పెట్టొద్దన్నడు గురువు."

"గురువు జూస్తలేడు, పెట్టు."

నిజంగానే అన్నాను. ఆ బొమ్మ అక్కడ ఉండాలని ఆయన కంటే నాకే ఎక్కువ ఆశగా ఉంది.

రాఘవేందర్ చేతులు కట్టుకుని కాచుకుని ఉన్నాడు. మా ఆయన నల్లరంగు కలిపి, బ్రష్ ముంచి, బాబూరావు ముఖం ముందు నిలబడ్డాడు. ముక్కలుగా కాదు, మొత్తం ముఖాన్ని చూస్తూ నిలబడ్డాడు. వేలు కదల్లేదు, కాలు కదల్లేదు. ఆ మనిషి అంత కదలకుండా ఉండటం నేను అప్పుడే చూశాను. నాకు భయం వేసింది. అంతలో వంగి, కింద మూలన, దుకాణం షట్టర్ మీద రాసినంత లావుగా 'హరికిషన్' అని రాశాడు.

"ఏందన్నా గిది? మరి కండ్లు?" అని రాఘవేందర్ అరిచాడు.

"కండ్లు ఏడ జూడాలెనో ఆడనే జూస్తున్నయి" అని మా ఆయన బ్రష్ తుడుచుకున్నాడు.

మధ్యాహ్నంలోపే బొమ్మను దించేశారు. గుడ్డ చుట్టి, ట్రైన్‌లో మా ఇద్దరి మధ్యా నిలబెట్టుకుని ఇంటికి తెచ్చాం. నాకు ఏడుపొచ్చింది. దాంతోపాటే, ఇతను నా మొగుడని ట్రైన్‌లో అందరికీ చెప్పాలనిపించింది. ఆయనేమో అప్పుడే కిటికీ ఊచ మీద వేలితో ఎదుటి సీటు ముసలాయన చెవి గీస్తున్నాడు.

మా గదిలో ఖాళీగా ఉన్న చోటు తలుపు పైన మాత్రమే. మేకు కొట్టే ముందు ఓనరమ్మ నాంచారమ్మను అడిగాను.

"కొట్టుకోండ్రి గానీ గోడ పాడుగావొద్దు" అంది.

అంత ఎత్తున కట్టేసరికి బాబూరావు మారిపోయాడు. ఇప్పుడు కూరగాయలు తరిగినా, గిన్నెలు కడిగినా నన్నే చూస్తున్నాడు. జీపెక్కి చెయ్యెత్తిన రోజు ఎలా చూశాడో అచ్చం అలాగే, ఒక్క గోడ పడనియ్య అంటున్నాడు.